గ్రేట్ గేబుల్ మీద స్మృతి యాత్ర

వాయవ్య ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో 899 మీటర్ల కొండ గ్రేట్ గేబుల్. అక్కడి పర్వతారోహకుల సంఘమైన ఫెల్ అండ్ రాక్ క్లైంబింగ్ క్లబ్ మొదటి ప్రపంచ యుద్ధంలో 20 మంది సభ్యులను పోగొట్టుకుంది. మిగిలినవాళ్లు ఊరి నడుమ విగ్రహం నిలబెట్టలేదు. ఆ మిత్రులు ఎక్కిన కొండలనే కొన్నారు. గేబుల్‌తో సహా సుమారు 3,000 ఎకరాల ఎత్తు నేలను 1923లో కొని, ప్రజలందరి కోసం పరిరక్షణ సంస్థ నేషనల్ ట్రస్ట్‌కు అప్పగించారు. ఇంతకన్నా ఉదారమైన స్మారకం అరుదు.

1924 జూన్ 8న, వానలో, పొగమంచులో దాదాపు 500 మంది శిఖరానికి చేరారు. అదే ప్రపంచ యుద్ధంలోని జట్లండ్ నౌకాయుద్ధంలో ఎగిరిన జెండాను, మృతుల పేర్లతో బండకు బిగించిన కంచు పలక మీద కప్పారు. 1922 ఎవరెస్ట్ యాత్రలో పాల్గొన్న డాక్టర్ ఆర్థర్ వేక్‌ఫీల్డ్ తడిసిన ఆ జెండాను తొలగించి, ఆ పేర్లు చదివారు. యుద్ధంలో ఎడమ కాలు కోల్పోయిన కవి జెఫ్రీ విన్‌త్రాప్ యంగ్ ప్రసంగించారు. ఆయన ఆప్తమిత్రుడు జార్జ్ మాలరీ ఎవరెస్ట్ మీద కనుమరుగైందీ ఆ రోజే. ఆ కబురు ఇంకా అక్కడికి చేరలేదు.

ఏటా నవంబరులో, యుద్ధమృతుల స్మారక ఆదివారం నాడు, వందలమంది నేటికీ గేబుల్ ఎక్కుతారు. పదకొండు గంటలకు శిఖరం మీద రెండు నిమిషాలు మౌనం పాటించి దిగుతారు. 2013లో పాత పలక స్థానంలో పేర్ల తప్పులు సరిదిద్దిన కొత్తది అమర్చారు.