క్లచ్ అరుగుదల

క్లచ్ అరుగుదల అనగా మోటారు వాహనములో ఇంజనుకు, గేరుబాక్సుకు మధ్యనుండు క్లచ్ ప్లేటు ఘర్షణ వలన క్రమముగా పలుచబడుట. చేతితో గేర్లు మార్చు వాహనములన్నింటిలో ఇది సహజము. అయితే ప్లేటు ఎక్కువగా జారినచో, వేలాది కిలోమీటర్లలో జరుగవలసిన అరుగుదల కొద్ది సమయములోనే జరుగవచ్చును. ఘాట్ రోడ్డు ఎక్కిన తరువాత గాని, దూకుడుగా నడిపిన తరువాత గాని కాలిన వాసన వచ్చినపుడు క్లచ్ పాడైనదేమోనని పలువురు ఆందోళన చెందుదురు. వాసన వచ్చినంత మాత్రమున క్లచ్ పాడైనదని చెప్పుటకు వీలులేదు.

నిర్మాణము

కార్లలో సాధారణముగా ఒకే ప్లేటు గల పొడి క్లచ్ వాడుదురు. ఇంజనుకు బిగించిన ఫ్లైవీలుకు, ప్రెషర్ ప్లేటుకు మధ్య క్లచ్ ప్లేటు ఉండును. డయాఫ్రమ్ స్ప్రింగు వీటిని అదిమి ఉంచును. పెడలు నొక్కినపుడు రిలీజ్ బేరింగు ఆ స్ప్రింగును నెట్టుటచే ప్లేటుపై ఒత్తిడి తొలగును. మోటారు సైకిళ్ళలో ఎక్కువగా ఆయిలులో తడిసి పనిచేయు బహుళ ప్లేట్ల క్లచ్ ఉండును.

వేడికి కారణములు

పెడలు వదులునపుడు ఇరువైపుల వేగములు సమానమగు వరకు ప్లేటు జారుచు వేడెక్కును. 1000 కిలోల కారు సమతల రోడ్డుపై ఆగిన స్థితి నుండి గంటకు 20 కి.మీ. వేగము అందుకొనువరకు క్లచ్ జారినదనుకొందము. ఇంజను వేగము స్థిరముగా ఉన్నచో, కారు పొందిన గతిశక్తికి సమానముగా, సుమారు 15 కిలోజౌళ్ళు క్లచ్‌లో వేడిగా మారును. ఎత్తుపై హాఫ్ క్లచ్‌తో వాహనమును నిలిపి ఉంచినచో, అది కదలకున్నను వేడి పుట్టుచునే ఉండును. క్లచ్ పూర్తిగా పట్టుకొనిన పిదప జారుడు ఉండదు. కావున గేరులో వేగముగా ప్రయాణించుట మాత్రమే లైనింగును అరగదీయదు.

లైనింగులోని పదార్థములను బంధించు రెసిన్ అధిక వేడికి మాడుటచే కాలిన వాసన వచ్చును. వేడి మరింత పెరిగినచో లైనింగు నునుపెక్కి పట్టు తగ్గును. ఫ్లైవీలు, ప్రెషర్ ప్లేటులపై నీలి మచ్చలు, సన్నని పగుళ్ళు ఏర్పడవచ్చును.

చెడిపోయిన క్లచ్ లక్షణములు

* యాక్సిలరేటరు నొక్కినపుడు ఇంజను వేగము పెరిగినను, వాహన వేగము తదనుగుణముగా పెరగకుండుట. ఇది పై గేర్లలో, ఎత్తు ఎక్కునపుడు ముందుగా తెలియును.
* బయలుదేరునపుడు వాహనము అదురుట.
* చల్లారిన తరువాత కూడ జారుడు కొనసాగుట.

చల్లారిన పిదప ఈ లక్షణములు లేనిచో క్లచ్ సాధారణముగా పనికివచ్చు స్థితిలోనే ఉండును. అయితే అరిగిపోయిన లైనింగు మరల రాదు. జారుడు కొనసాగుచున్నచో మెకానిక్కుచే పరీక్ష చేయించి, అవసరమైన భాగములు మార్పించవలెను. ఘాట్ రోడ్డు మధ్యలో క్లచ్ పూర్తిగా జారినచో వాహనము ముందుకు సాగదు.

జాగ్రత్తలు

* ఎత్తుపై ఆగినపుడు హాఫ్ క్లచ్‌కు బదులు బ్రేకు వాడవలెను. బయలుదేరునపుడు హ్యాండ్ బ్రేకు సహాయము తీసికొనవలెను.
* నడుపునపుడు పెడలుపై పాదము ఆనించి ఉంచరాదు.
* వాసన వచ్చినచో సురక్షిత స్థలములో ఆపి, క్లచ్‌ను చల్లారనివ్వవలెను.
* పాత వాహనముల లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును. దాని ధూళి పీల్చుట ఊపిరితిత్తుల క్యాన్సరుకు దారితీయగలదు. కనుక క్లచ్ విప్పినపుడు ధూళిని గాలితో ఊదరాదు.

ఇవి కూడా చూడండి

* గేరుబాక్సు
* ఫ్లైవీలు
* ఘర్షణ