బొమ్మకు కట్టిన కట్టు

గాయానికి కట్టు కట్టడం మొదట ఎవరి మీద నేర్చుకోవాలి? రోగి మీదే అయితే తప్పులకు బాధపడేదీ అతనే. సుశ్రుత సంహిత సూత్రస్థానం 9వ అధ్యాయం దీనికి దారి చూపింది. కోత గుమ్మడి, పుచ్చకాయల మీద. కుట్టు దళసరి గుడ్డ, మెత్తని తోలు మీద. కట్టు మనిషి ఆకారపు బొమ్మ అవయవాల మీద. ఎంత చదివినా ఈ సాధన చేయనివాడు చికిత్సకు పనికిరాడని నిక్కచ్చిగా చెప్పింది కూడా!

అమెరికాలో హార్ట్‌ఫర్డ్ ఆస్పత్రి నర్సింగ్ పాఠశాలకు 1911లో నిలువెత్తు బొమ్మ 'మిసెస్ చేజ్' వచ్చింది. నేడు సూరత్‌లోనైనా, గుంటూరులోనైనా నర్సింగ్ విద్యార్థుల సాధనకు బొమ్మే ఆధారం. 1990లో పేరు పెట్టుకున్న 'ఆగ్మెంటెడ్ రియాలిటీ' ఆ బొమ్మ చర్మంపైనే చీము పట్టిన పుండునూ, మానుతున్న పుండునూ కళ్లద్దాల్లోంచి చూపగలదు. చీము పట్టిన చోటి వేడి, దుర్వాసన మాత్రం ఆ దృశ్యంలో ఉండవు. వాటిని వార్డులోనే గుర్తుపట్టాలి.