మఠంవారి నీటిమర



ఇంగ్లండులో బర్మింగ్‌హాం నగరానికి దక్షిణాన రెడిచ్ అనే ఊరుంది. ఆ ఊరి అంచున, ఆరో అనే చిన్న ఏటి దగ్గర, బోర్డ్‌స్లీ మఠం శిథిలాలున్నాయి. చూడబోతే పెద్దగా ఏమీ కనిపించదు. ప్రార్థన మందిరం గోడల మొదళ్ళు, చుట్టూ పచ్చిక, పచ్చికలో కొన్ని ఎత్తుపల్లాలు. అయితే చెరువు కింద సేద్యం చేసినవారెవరైనా ఆ ఎత్తుపల్లాలను ఇట్టే పోల్చుకుంటారు. ఇది కట్ట, ఇది పూడిపోయిన కాలువ, ఇది చెరువు గర్భం అని.

1140 ప్రాంతంలో సిస్టర్షియన్ శాఖ సన్యాసులు ఇక్కడికి వచ్చారు. వారు పాటించేది 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ అనే యతి రాసిన నియమావళి. వీలైనంతవరకు నీరు, పిండిమర, తోట మఠం ప్రహరీ లోపలే ఉండాలని, సన్యాసికి బయట తిరిగే పని ఉండకూడదని అందులో ఉంది. తీరా వీరికి దొరికింది బురదనేల. అప్పుడు వాళ్ళు ఏరునే పక్కకు తప్పించారు. లోయ అంచున కొత్త దారి తవ్వి నీటిని అటు మళ్ళించారు.

నీటిమర కిటుకంతా వాలులో ఉంది. ఏరు తన దారిన పల్లానికి దిగిపోతుంది. దానినుంచి తీసిన కాలువను తక్కువ వాలుతో గట్టు వెంట నడిపిస్తే, కొంతదూరం పోయేసరికి కాలువ ఏటికన్నా ఎత్తున ఉంటుంది. ఆ తేడాయే మరకు బలం. నీటిని చెరువులో నిలిపి, తూము ఎత్తి వదిలితే చక్రం తిరుగుతుంది. పని చేసిన నీరు మళ్ళీ ఏటిలోనే కలుస్తుంది.

1980లలో ఈ మర ఉన్న చోటు తవ్వారు. బురదే మేలు చేసింది. గాలి సోకని తడిమట్టిలో మర అడుగు దూలాలు చెడకుండా నిలిచాయి. 12వ శతాబ్దం చివరి భాగంలో కట్టి, సుమారు రెండు వందల ఏళ్ళపాటు పలుమార్లు బాగుచేసుకుంటూ వాడారని తేలింది. ఇంతకూ అది పిండిమర కాదు! అక్కడ బయటపడినవి కొలిమి పొయ్యిలు, ఇనుము, రాగి, సీసం ముక్కలు. నీటిచక్రంతో తిత్తులు, సమ్మెట ఆడించారని తవ్వినవారి నిర్ణయం. కమ్మరి ఇంట తిత్తి ఊదే కుర్రవాడి పని ఇక్కడ ఏరు చేసిందన్నమాట.

ఇంతవరకు వింటే ఆ సన్యాసులను మెచ్చుకోవాలనిపిస్తుంది. నేనూ మెచ్చుకుంటాను. కానీ ఆ రోజుల్లో నీటిమర అంటే శ్రమ తగ్గించే సాధనం మాత్రమే కాదు, మఠానికి రాబడి కూడా. చాలాచోట్ల మఠం భూముల్లోని రైతు తన గింజలను మఠం మరలోనే ఆడించాలి. అందులో కొంత భాగం మరకూలిగా ఇచ్చుకోవాలి. అలాంటప్పుడు ఇంట్లో తిరగలి ఉంటే? మనం ఇసుర్రాయి అంటాం, కన్నడంవారు బీసుకల్లు అంటారు, మరాఠీలు జాతే అంటారు. పేరేదైనా, అది మఠం రాబడికి గండి.

లండనుకు ఉత్తరాన ఉన్న సెయింట్ ఆల్బన్స్ మఠంలో ఈ తగాదా ముదిరింది. 1327 నుంచి 1336 దాకా అక్కడ మఠాధిపతి రిచర్డ్. పుట్టింది కమ్మరి ఇంట. గ్రహగతులు చూపే పెద్ద గడియారాన్ని రూపొందించిన మేధావి. ఆయనే ఊరివాళ్ళ తిరగళ్ళను స్వాధీనం చేసుకుని, ఆ రాళ్ళను మఠంలోని ఒక గది నేలకు పరిపించాడు. తమ తిరగలిరాళ్ళ మీద సన్యాసులు నడవడం ఊరు మరచిపోలేదు. సుమారు 50 ఏళ్ళు గడిచాయి. 1381 జూన్‌లో ఇంగ్లండు రైతులు తిరగబడినప్పుడు, ఈ ఊరివాళ్ళు మఠంలో చొరబడి ఆ నేలను పెకలించారు. రాళ్ళను పగలగొట్టి, గుడిలో ప్రసాదం పంచుకున్నట్టు తలా ఒక ముక్క పంచుకున్నారు. ఈ సంగతి రాసిపెట్టింది ఆ మఠంలోని సన్యాసే, వాల్సింగ్‌హాం. తిరుగుబాటుదారులంటే ఆయనకు ఒళ్ళుమంట, అందుకే ఈ సాక్ష్యానికి విలువ. నెల తిరిగేసరికి తిరుగుబాటు అణగిపోయింది. దాని నాయకుల్లో ఒకడైన జాన్ బాల్ అనే బోధకుణ్ణి జూలై 15న ఆ ఊళ్ళోనే చంపారు.

బోర్డ్‌స్లీ మఠాన్ని 1538లో, సెయింట్ ఆల్బన్స్ మఠాన్ని 1539లో ఎనిమిదో హెన్రీ రాజు మూయించాడు. రెడిచ్‌లో మాత్రం 18వ శతాబ్దంలో మరో నీటిమర సూదులకు మెరుగుపెట్టింది. ఇప్పుడది ప్రదర్శనశాల. మఠం తవ్వకాల్లో దొరికిన వస్తువులను కూడా అక్కడే చూడవచ్చు.