అడుగు అంతస్తే కేకు

విక్టోరియా రాణి పెద్ద కూతురికి 1858 జనవరిలో లండన్‌లో పెళ్లయింది. ఆ పెళ్లి కేకు మూడంతస్తులు, ఆరేడు అడుగుల ఎత్తు. అందులో కేకు అన్నది అట్టడుగు అంతస్తు ఒక్కటే. పైనున్నదంతా చక్కెరతో కట్టిన మేడ!

ఈ సంగతి చదవగానే మా అమ్మమ్మగారింటి సారె గంపలో పంచదార చిలకలు కళ్లకు కట్టాయి. చెక్క అచ్చు రెండు బద్దలనూ బిగించి, పాకం పోసి, ఆరాక విప్పితే చిలక బయటపడేది. ముక్కు నుంచి తోక దాకా అచ్చు అతుకు సన్నటి గీతగా మిగిలేది. పెళ్లి తీపిని ముందు కళ్లతో తినాలి. ఆ ముచ్చట ఇంగ్లండు వాళ్లకీ ఉందని తెలిశాక పెళ్లి కేకు కథ వెతక్కుండా ఇక ఆగలేకపోయాను.

పాతకాలపు రోమన్ పెద్దింటి పెళ్లిళ్లలో వధూవరులు ధాన్యపు రొట్టె పంచుకునేవారు. అక్కణ్ణుంచి ఒక్క దూకు దూకి 1660కి వస్తే, రాబర్ట్ మే అనే వంటవాడి పుస్తకంలో పెళ్లి కోసం ఒక 'పై' కనిపిస్తుంది. ఒకే పీట మీద రకరకాల కూరలు నింపిన పిండి డొప్పలు. వాటిలో ఒకదాంట్లో మాత్రం ప్రాణమున్న పిట్టలనో, పామునో పెట్టమన్నాడు. కోసినప్పుడు బంతిలో కూర్చున్నవాళ్లు విస్తుపోవాలని! 1769లో ఎలిజబెత్ రాఫాల్డ్ రాసిన పెళ్లి కేకుకు నాలుగు పౌన్ల పిండి, అంతే వెన్న, 32 గుడ్లు. పైన బాదం పూత, దాని మీద తెల్లటి చక్కెర పూత. నేటి కేకుకు పునాది అదే.

నా మనసు మాత్రం 1840 ఫిబ్రవరి 10 దగ్గరే ఆగిపోతుంది. ఆ రోజు విక్టోరియా, ఆల్బర్ట్‌ల పెళ్లి. కేకు బరువు 300 పౌన్లు, మందం 14 అంగుళాలు, చుట్టుకొలత తొమ్మిదడుగులు. పైన బ్రిటానియా దేవత వధూవరులను దీవిస్తూ నిలబడింది. దాదాపు అడుగెత్తు బొమ్మలు, అందరికీ పాత రోమన్ల వేషమే. ఆల్బర్ట్ పాదాల దగ్గర కుక్క, విశ్వాసానికి గుర్తుగా. రాణి పాదాల దగ్గర పావురాల జంట. ఓ పక్కన బుల్లి మన్మథుడు ఒళ్లో పుస్తకం పరుచుకుని పెళ్లి తేదీ రాస్తున్నాడు. ఆ పుస్తకంలో అంకెలు దిద్దిన వేళ్లు ఎవరివో అని ఎన్నిసార్లు అనుకున్నానో!

1882లో విక్టోరియా కొడుకు లియోపోల్డ్ రాకుమారుడి పెళ్లికి అంతస్తులన్నీ కేకుతోనే చేశారు. తెల్లసొనలో చక్కెర పొడి గిలక్కొట్టి పూసిన ఐసింగ్ ఆరితే గచ్చులా బిగుస్తుంది, పై బరువు మోస్తుంది. తినేవాళ్లకు లాభమే. కానీ చక్కెరతో మనుషుల్ని మలిచే ఆ పనితనం మెల్లగా వెనక్కి తగ్గింది. కొన్నాళ్లకు కేకు నెత్తిన ప్లాస్టిక్ వధూవరులొచ్చి నిలబడ్డారు. బ్రిటానియా నిలబడ్డ చోట వాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో చక్కెరకు కరువొచ్చి, 1940 ఆగస్టు నుంచి కేకుల మీద చక్కెర పూతనే నిషేధించారు. పెళ్లివారు అట్టతో చేసిన తెల్లటి అంతస్తుల బోను అద్దెకు తెచ్చుకునేవారు. ఫొటో అయ్యాక దాన్ని ఎత్తితే లోపల చిన్న కేకు ఉండేది.

2016లో లండన్ క్రిస్టీస్ వేలంలో విక్టోరియా పెళ్లి కేకు ముక్క ఒకటి 1,500 పౌన్లకు అమ్ముడుపోయింది. 176 ఏళ్ల నాటి ఎండుపళ్ల కేకు, చక్కెర బొమ్మ కాదు.