ఇంటి దగ్గరే కారుకు రంగు: తక్కువ ఖర్చులో ఏ పెయింట్ తీసుకోవాలి?

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఏ కాలనీకి వెళ్లినా ఇళ్ల ముందు ఒక పాత ఆల్టోనో, శాంట్రోనో, మారుతీ 800నో కనిపిస్తుంది. ఇంజన్ బాగానే ఉంటుంది. కానీ బానెట్ మీద పైపూత పొలుసులుగా లేచిపోయి ఉంటుంది, డోర్ల కింద జంగు పట్టి ఉంటుంది. ఇంట్లో పెళ్లి ఉందనో, ఈద్ దగ్గరికొచ్చిందనో రంగు వేయిద్దామని షెడ్డుకు వెళ్తాం. వాళ్లు చెప్పిన మొత్తాన్ని బండి ధరతో పోల్చుకుని వెనక్కి వచ్చేస్తాం. అప్పుడు వస్తుంది ఆలోచన: కంప్రెసర్ కిరాయికి తెచ్చుకుని మనమే కొట్టుకుంటే పోలా?

ఆలోచన తప్పేం కాదు. తప్పు జరిగేది పెయింట్ దుకాణంలో. అందరూ మొదట అడిగేది "లీటర్ ఎంత భాయ్?" అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఈ పెయింట్‌ను మన ఇంటి ముందు, పిల్లలు తిరిగే చోట, మన దగ్గరున్న మాస్కుతో కొట్టవచ్చా? దీనికి జవాబు దొరికాకే ధర మాట.

ముందు ఆర్‌సీ తీసి చూడండి

సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని తనిఖీకి చూపించి ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. 14వ ఏట ఉన్న బండి అయితే ముందు జాక్ ఎత్తి అడుగు భాగం చూడండి. ఫ్లోర్, ఛాసిస్ జంగు తినేసి ఉంటే పైన ఎంత మంచి రంగు వేసినా ఆ డబ్బు దండగే. ఆ డబ్బు వెల్డింగ్‌కు పెట్టండి, లేదంటే బండి మార్చే ఆలోచన చేయండి.

ఇంకో విషయం, బండి రంగు ఆర్‌సీలో రాసి ఉంటుంది. తెల్ల కారును నల్లగా చేయాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్టీఓ అనుమతి, ఆ తర్వాత ఆర్‌సీలో నమోదు కావాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా చెప్పాలి. రాజీవ్ రహదారి మీద ఆల్వాల్, హకీంపేట దాటి వచ్చేటప్పుడు మిలిటరీ ట్రక్కులు చూసి కుర్రాళ్లకు ఆలివ్ గ్రీన్ మీద మోజు పుడుతుంది. అది మాత్రం కుదరదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వ నియమం ఆ రంగును రక్షణ శాఖ బండ్లకే పరిమితం చేసింది.

ఉన్న రంగే మళ్లీ వేసుకుంటే ఈ గొడవ ఏదీ లేదు. పైగా డోర్ల లోపలి అంచులు, బానెట్ లోపలి భాగం ముట్టుకోనవసరం లేదు. ఖర్చు తగ్గించే మార్గాల్లో నిజంగా పెద్దది ఇదే.

బండి మీద ఇప్పుడున్నది ఏ పెయింట్?

నేను మొదటిసారి చేసిన తప్పు ఇక్కడే. ఒక పాత 800 బానెట్ మీద ఎవరో ఎప్పుడో సింథటిక్ ఎనామెల్ వేసి ఉన్నారు. నాకు తెలియదు. దాని మీద ఎన్‌సీ పెయింట్ కొట్టాను. పది నిమిషాల్లో బానెట్ అంతా, మరిగిన పాల మీద మీగడ ముడుచుకున్నట్టు ముడతలు పడింది. మొత్తం రేకు వరకు గీకి మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. మిగిల్చింది ఏమీ లేదు.

దీన్ని ముందే కనిపెట్టడం తేలిక. తెల్ల గుడ్డ ముక్కకు ఎన్‌సీ థిన్నర్ తడిపి, పెట్రోల్ మూత లోపల లాంటి కనపడని చోట ఒక నిమిషం అదిమి పట్టి రుద్దండి. రంగు కరిగి గుడ్డకు అంటుకుంటే పాత పూత ఎన్‌సీ. మెత్తబడి ముడతలు పడితే ఎనామెల్. ఏమీ కాకపోతే కంపెనీలో కాల్చి వేసిన పెయింట్ గానీ, హార్డనర్ కలిపిన పీయూ గానీ అయి ఉంటుంది. ఈ చివరి రకం మీద నీళ్ల కాగితంతో బాగా రుద్దితే దాదాపు ఏదైనా నిలుస్తుంది. ఎనామెల్ ఉంటే మాత్రం దాన్ని పూర్తిగా తీసేయక తప్పదు.

దుకాణంలో దొరికేవి

అన్నింటికంటే చవక సింథటిక్ ఎనామెల్. ఇంటి గేటుకు, ట్రాక్టర్ ట్రాలీకి వేసేది ఇదే. వేయగానే మెరుస్తుంది, పైన క్లియర్ అక్కర్లేదు. కానీ గట్టిపడటానికి రోజులు పడుతుంది. మన దగ్గర ఆ లోపు గాలికి లేచిన ఇసుక, కొత్త వెంచర్ల దుమ్ము అంతా దానికి అంటుకుంటుంది. ఎండకు మెరుపు చస్తుంది. రేపు ఎవరైనా మంచి పెయింట్ వేయాలన్నా పైన చెప్పిన ముడతల గొడవే. కారుకు ఇది వద్దు. గేటుకు కొట్టే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కూడా ఇదే జాతి. దాని మీద ఎన్‌సీ కొడితే లేచిపోయే ప్రమాదం ఉంది.

తర్వాతది ఎన్‌సీ, అంటే నైట్రో సెల్యులోజ్ పెయింట్. మన పాత ఉస్తాద్‌లు 'డ్యూకో' అంటారే, అది. ఆ పేరు అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ పెట్టింది. 1924 మోడల్ ఓక్లాండ్ కార్ల మీద వాడి, వారాలు పట్టే ఆరబెట్టే పనిని గంటల్లోకి తెచ్చారు. ఇందులో రసాయన చర్య ఏమీ లేదు, థిన్నర్ ఎగిరిపోతే పూత మిగులుతుంది. అందుకే నిమిషాల్లో ఆరుతుంది, దుమ్ము పట్టడానికి టైమ్ ఉండదు. కారినా, గరుకు వచ్చినా ఆరాక రుద్ది సరిచేయవచ్చు. కొత్తగా నేర్చుకునేవాడి తప్పుల్ని ఇంతగా క్షమించే పెయింట్ ఇంకొకటి లేదు. లోపాలు కూడా చెప్పాలి. పలచని కోట్లు చాలా కావాలి, మెరుపు రుద్ది పాలిష్ చేస్తేనే వస్తుంది, పెట్రోల్ చుక్క పడితే మరక మిగులుతుంది, ఆరుబయట నిలిపే బండి మీద మెరుపు త్వరగా తగ్గుతుంది.

మూడోది పీయూ, దుకాణంలో 'టూ కే' అంటారు. రంగులో హార్డనర్ కలిపి కొట్టాలి. కలిపాక కొన్ని గంటల్లోనే వాడేయాలి, మిగిలింది డబ్బాలోనే గట్టిపడుతుంది. మెరుపు, మన్నిక, పెట్రోల్‌కు తట్టుకోవడం, అన్నింటిలో ఇదే పైచేయి. మెటాలిక్, పెర్ల్ రంగులైతే పద్ధతి వేరు. ముందు మెరుపు లేని బేస్ కోట్, దాని మీద హార్డనర్ కలిపిన క్లియర్ కోట్. ఈ రోజుల్లో షెడ్డుల్లో ఎక్కువగా జరిగేది ఇదే.

మరి అందరూ పీయూనే కొనుక్కోవచ్చు కదా? ఇక్కడే ఆగాలి.

హార్డనర్ డబ్బాలో ఏముంది

పీయూ హార్డనర్‌లో ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది. గన్‌తో కొట్టినప్పుడు సన్నటి మంచులా గాల్లో తేలుతుంది. వాసన మనల్ని సరిగా హెచ్చరించదు. ఇది ఊపిరితిత్తులకు ఒకసారి పడకుండా పోయిందంటే, తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది. బ్రిటన్ ఆరోగ్య భద్రతా విభాగం లెక్క ప్రకారం, ఈ పెయింట్ కొట్టేవాళ్లకు ఆస్తమా వచ్చే ముప్పు మామూలు పనివాళ్ల కంటే సుమారు 80 రెట్లు ఎక్కువ. అక్కడ బయటి నుంచి పైపు ద్వారా శుభ్రమైన గాలి వచ్చే ముసుగు వేసుకుని కొడతారు. మూతికి కట్టుకునే రుమాలు గానీ, కరోనా నాటి ఎన్95 గానీ దీన్ని ఆపవు.

కాలనీలో పక్కింటి గోడకు పది అడుగుల దూరంలో, పైన బట్టలు ఆరేసి, పిల్లలు సైకిల్ తొక్కుతున్న చోట పీయూ కొట్టడం నా దృష్టిలో అసలు చేయకూడని పని. ఇంట్లో ఆస్తమా ఉన్న పెద్దవాళ్లు ఉంటే చెప్పనే అక్కర్లేదు.

అందుకే నేను చెప్పే దారి సగం సగం. రంగు పనిలో ఎక్కువ డబ్బు పోయేది పెయింట్‌కు కాదు, చేతి పనికి: జంగు గీకడం, సొట్టలు పూడ్చడం, రుద్దడం. అది మీరు చేయండి. చివరి కోటు మాత్రం బూత్ ఉన్న షెడ్డులో కొట్టించండి. "ఉస్తాద్, ప్రైమర్ దాకా నేను చేసి తెస్తాను, పైన కొట్టడానికి ఎంత?" అని మొదలుపెట్టే ముందే అడగండి. కొందరు ఒప్పుకోరు. కింద మీరు ఏం పూశారో వాళ్లకు తెలియదు, రేపు లేచిపోతే మాట పడేది వాళ్లు. ఒప్పుకున్న మనిషి ఏ ప్రైమర్, ఏ పుట్టీ చెప్తే అదే కొనండి. ప్రైమర్ వేసిన బండిని వానలో తిప్పకండి, ఎక్కువ రోజులు ఉంచకండి. ప్రైమర్ తేమను పీల్చుకుంటుంది, కింద మళ్లీ జంగు మొదలవుతుంది.

మొత్తం ఇంటి దగ్గరే చేసుకుంటాను అంటారా? అయితే ఎన్‌సీ తీసుకోండి, మామూలు తెలుపు లాంటి సాదా రంగు మాత్రమే పెట్టుకోండి. ఏడాదికోసారి పాలిష్ పట్టాల్సి ఉంటుందని ముందే ఒప్పుకోండి. మెటాలిక్ సిల్వర్ జోలికి పోకండి. గన్ ఊపులో చిన్న తేడా వచ్చినా అందులోని అల్యూమినియం రేణువులు మబ్బులు మబ్బులుగా కనిపిస్తాయి. స్ప్రే డబ్బాలు ఒక బంపర్ మూలకు, అద్దం కవర్‌కు బాగుంటాయి. కారు మొత్తానికి లెక్క వేస్తే లీటర్ పెయింట్ కంటే ఖరీదు.

ఎంత కొనాలి, ఎప్పుడు కొట్టాలి

ఆల్టో సైజు కారుకు బయటివైపు మాత్రమే అయితే సుమారుగా రెండు లీటర్ల ప్రైమర్, రెండు లీటర్ల రంగు పడతాయి. ఎన్‌సీకి థిన్నర్ కనీసం రంగు అంత కావాలి, ఇంకా గన్ కడగడానికి వేరే. అందుకే ధర అడిగేటప్పుడు రంగు, హార్డనర్, థిన్నర్ కలిపి మొత్తం సెట్‌కు అడగండి. రాణీగంజ్‌లో ఒకటి రెండు చోట్ల చీటీ మీద రాయించుకుంటే తేడా తెలుస్తుంది. రంగు పేరు చెప్పకండి, కోడ్ చెప్పండి. బానెట్ కింద గానీ డోర్ పిల్లర్ మీద గానీ ప్లేటు మీద ఉంటుంది. మారుతీ తెలుపు చాలా బండ్లకు 26యూ అని రాసి ఉంటుంది. కోడ్ ఒకటే అయినా ఎండకు మాడిన బండికి తేడా వస్తుంది కాబట్టి పెట్రోల్ మూత ఊడదీసి తీసుకెళ్లి పక్కన పెట్టి చూపించండి. రంగు అంతా ఒకేసారి కొని, రెండు డబ్బాలూ ఒకే బకెట్‌లో కలిపేయండి.

జంగు, పుట్టీ దగ్గర 80 నంబర్ కాగితం, ప్రైమర్‌ను రుద్దడానికి 400, రంగుకు ముందు 600 లేదా 800 నీళ్ల కాగితం, చివరి పాలిష్‌కు 1500, 2000. పొడిగా రుద్దకండి. మన దేశంలో సీసం మీద 90 పీపీఎం హద్దు 2017 నవంబర్ నుంచి అమల్లో ఉన్నా అది ఇళ్లకు వేసే పెయింట్లకే. పాత పసుపు, ఎరుపు ఎనామెల్ దుమ్ములో సీసం ఉండొచ్చు, పిల్లలకు అది విషం.

కాలం మాటకొస్తే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. పొద్దున మంచు ఆరిపోయాక మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించండి. వానాకాలంలో ఎన్‌సీ కొడితే గాలిలో తేమకు పూత పాలిపోయి తెల్లటి పొర కడుతుంది. ఏప్రిల్, మే ఎండలో పెయింట్ రేకును చేరేలోపే ఆరిపోయి గరుకుగా పడుతుంది. కొట్టే చోట నేల తడపండి, దుమ్ము లేవదు. థిన్నర్ ఆవిరి నేల మీదుగా పాకుతుంది, కాబట్టి వంటింటి కిటికీ వైపు, పొయ్యి వైపు, సిగరెట్ దగ్గర పని పెట్టకండి. కంప్రెసర్‌ను దూరంగా ఉంచండి. ఎన్‌సీకైనా ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు కావాల్సిందే. ఛాసిస్ నంబర్ చెక్కిన చోట టేప్ వేయడం మరవకండి, తనిఖీలో అది చదవగలిగేలా ఉండాలి.

చేతులకు గ్లోవ్స్ తప్పనిసరి. గోళ్ల మీద పెయింట్ పొర మిగిలితే వుజూ నీళ్లు చర్మానికి చేరవు, అది తీయడానికి థిన్నర్‌తో చేతులు కడిగితే రసాయనం చర్మంలోకి పోతుంది. రెండు బాధలకూ గ్లోవ్స్ ఒక్కటే మందు.

మిగిలిన రంగును చిన్న గాజు సీసాలో పోసి, కోడ్, తేదీ రాసి పెట్టుకోండి, గీతలు పడినప్పుడు పనికొస్తుంది. మూత తీసిన హార్డనర్ గాలి తేమకు పాడైపోతుంది, దాచుకుని లాభం లేదు. గన్ కడిగిన థిన్నర్‌ను మోరీలో పోయకండి. మూత బిగించి పెడితే రెండు రోజుల్లో రంగు అడుగుకు దిగుతుంది, పైన తేరిన థిన్నర్ మళ్లీ గన్ కడగడానికి వస్తుంది.