పాచికల లెక్కలో దేవతలు

1980ల మధ్యలో, మా పెద్దబ్బాయి హైస్కూల్లో చదువుతున్న రోజుల్లో, ఒక శనివారం సాయంత్రం స్నేహితుడి ఇంటి నుంచి ఒక గట్టి అట్ట పుస్తకం తెచ్చాడు. వంటింట్లో పప్పుకు తాలింపు పెడుతున్న వాళ్ళమ్మ దగ్గరకు వెళ్ళి, "అమ్మా, విష్ణుమూర్తిని ఎవరైనా ఓడించగలరా? ఇందులో ఆయన బలం అంకెల్లో వేశారు" అని అడిగాడు. ఆవిడ గరిటె పక్కన పెట్టి, "ముందు అది మీ నాన్నకు చూపించు" అంది.

ఆ పుస్తకం పేరు "డెయిటీస్ అండ్ డెమీగాడ్స్". గ్రీకు, ఈజిప్టు దేవతల మధ్య మన ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు, విష్ణువు, లక్ష్మి, కాళి కనిపించారు. ఒక్కొక్కరి కింద ఎన్ని దెబ్బలకు ఓర్చగలరో, ఎన్నిసార్లు కొట్టగలరో లెక్కలున్నాయి. నాకు ముందు కోపం వచ్చింది. ఇప్పుడు మా మనవడు అదే ఆట ఆడుతున్నాడు. అందుకే ఆ లెక్కలు ఎలా పుట్టాయో ఈ సంచికలో మన పిల్లల తల్లిదండ్రులతో పంచుకోవాలనిపించింది.

ఆ ఆట పేరు "డంజన్స్ అండ్ డ్రాగన్స్". గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో వెలువరించారు. మొదట అచ్చేసింది వెయ్యి ప్రతులు. అది పుట్టిన లేక్ జెనీవా, విస్కాన్సిన్ రాష్ట్రంలో, షికాగోకు గంటన్నర ప్రయాణంలో ఉంది. బల్ల చుట్టూ కూర్చున్న వాళ్ళు తలా ఒక పాత్ర ధరిస్తారు. ఒకరు సూత్రధారిగా కథ నడుపుతారు. గెలుపోటములను పాచికలు తేలుస్తాయి.

ఈ ఆటలో దేవుడికంటే ముందు పూజారి వచ్చాడు. ఆర్నెసన్ మిత్రబృందం ఆటలో ఒకరి రక్తపిశాచి పాత్ర మరీ చెలరేగిపోతుంటే, దానికి విరుగుడుగా క్లెరిక్ అనే పాత్రను కల్పించారు. ఈ పూజారి ఏ దేవుణ్ణి కొలుస్తాడో మొదటి నియమాల్లో చెప్పనే లేదు. 1979 నాటి నియమాల్లో మాత్రం ఈ వరుస తేలింది: చిన్న మంత్రాలు పూజారికి తన శిక్షణ వల్లనే వస్తాయి, మధ్యరకం మంత్రాలు దేవుడి పరిచారకులు ఇస్తారు, అన్నిటికంటే పెద్దవి స్వయంగా దేవుడే ఇవ్వాలి. మన ఊళ్ళో అర్జీ గుమాస్తా దగ్గర మొదలై కలెక్టరు దాకా వెళ్ళినట్టన్న మాట! నడత తప్పిన పూజారికి మంత్రాలు ఆగిపోతాయి.

ఇక అంకెల సంగతి. రాబర్ట్ కుంజ్, జేమ్స్ వార్డ్ రాసిన దేవతల అనుబంధం 1976లో వచ్చింది. సంపాదకుడు టిమ్ కాస్క్ దాని ముందుమాటలో ఉద్దేశం దాచలేదు. కొందరు సూత్రధారులు ఆటగాళ్ళకు బలాలు ధారాళంగా పంచిపెట్టి, వాళ్ళను దేవుళ్ళకంటే పెద్దవాళ్ళను చేస్తున్నారు. సాక్షాత్తు ఓడిన్ బలమే మూడు వందలని చూస్తే వాళ్ళకు సిగ్గు వేస్తుందని ఆయన ఆశ. పర్యవసానం తలకిందులైంది. అంకె ఉందంటే దాన్ని సున్నా చేయవచ్చు కదా అని కుర్రాళ్ళు ఉత్సాహపడ్డారు. 1980లో వచ్చిన పుస్తకం, మా అబ్బాయి తెచ్చినది, వీళ్ళు చంపడానికి పెట్టిన జంతువులు కారని హెచ్చరించింది. కానీ హెచ్చరిక ముందు పేజీల్లో, అంకెలు ప్రతి పేజీలో!

మన రాక్షసుల కథ ఇంకా వింత. 1977 నాటి ఆట పుస్తకంలో రాక్షసుడు పులి తలతో, చేతిలో పొగగొట్టంతో ఉంటాడు. పవిత్రం చేసిన బాణం తగిలితే చస్తాడు. ఆ ఊహకు మూలం రామాయణం కాదు, 1974 నాటి ఒక అమెరికన్ టీవీ సీరియల్!

ఇంతలో ఇక్కడి క్రైస్తవ కుటుంబాల్లో భయం మొదలైంది. బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి ఈ ఆటే కారణమని నమ్మి 1983లో ఒక ఉద్యమ సంస్థను స్థాపించింది. సైతాను ఆట అన్న ప్రచారం సాగింది. 1985లో పుస్తకం పేరు "లెజెండ్స్ అండ్ లోర్"గా మారింది. దేవుళ్ళు మాత్రం లోపలే ఉన్నారు.

అయితే మరో దారి కూడా ఉందని 1978లో వచ్చిన "రూన్‌క్వెస్ట్" ఆట చూపించింది. గ్రెగ్ స్టాఫర్డ్ కల్పించిన లోకంలో నడిచే ఆట అది. అందులో దేవుడికి ఎంత బలముందన్నది ప్రశ్న కాదు. దీక్ష తీసుకున్న భక్తుడు తన రాబడిలో, కాలంలో పదోవంతు ఇవ్వాలి. ఆపదలో దేవుణ్ణి పిలిస్తే నూరు అంకెల పాచిక వేయాలి. పడిన అంక తన ఆత్మశక్తికి లోబడి ఉంటే దేవుడు వస్తాడు. కానీ ఆ అంక ఎంతో, అంత శక్తి భక్తుడిలో శాశ్వతంగా తరిగిపోతుంది.

అది చదివినప్పుడు నాకు గజేంద్రమోక్షం గుర్తొచ్చింది. ఏనుగు తన బలమంతా ఉడిగిపోయాకనే కదా పిలిచింది! ఆయన ఎవరికీ చెప్పాపెట్టకుండా పరుగెత్తుకొచ్చాడు. ఆ కథలో విష్ణువు బలమెంతని ఎవరూ అడగరు.

2002లో మళ్ళీ పాత పేరుతో వచ్చిన పుస్తకంలోను, 2014 నాటి నియమాల పుస్తకంలోను గ్రీకు, ఈజిప్టు, నార్స్ దేవతలున్నారు. మనవాళ్ళు లేరు. ఒకప్పుడు ఉన్నందుకు కోపగించిన నేనే, లేరని తెలిసి కొంచెం చిన్నబుచ్చుకున్నాను. నిజానికి దేవుణ్ణి ఆటలో పెట్టడం మనకు కొత్త కాదు. వైకుంఠపాళిలో గవ్వలు వేసి, నిచ్చెనలెక్కి, పాముల నోట పడి, మళ్ళీ మొదటికొచ్చి ఆడినవాళ్ళమే మనమందరం. అక్కడ దేవుడు చేరవలసిన గడి, పడగొట్టవలసిన శత్రువు కాదు. నా కోపమంతా ఆ తేడా మీదనే అని ఇన్నేళ్ళకు అర్థమైంది.

ఆ రోజు మా అబ్బాయికి "అలాంటి పుస్తకాలు ఇంటికి తేవద్దు" అని మాత్రమే చెప్పాను. వాడు తేలేదు, మళ్ళీ అడగనూ లేదు. మంచి ప్రశ్న ఒకటి అలా పోగొట్టుకున్నాను. పోయిన నెల మనవడు వచ్చి, "తాతయ్యా, నా పూజారి పాత్రకు ఒక దేవుడు కావాలి. మనవాళ్ళలో ఎవరు బాగుంటారు?" అన్నాడు. ఈసారి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మొసలి, మడుగు దగ్గర మొదలుపెట్టాను.