పోరుమామిళ్ల చెరువు: కట్టయు, రాయియు

కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును 1369లో కట్టించినవాడు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడనియు పేరు. ఉదయగిరి రాజ్యమును పాలించుచు ఆయన వేయించిన సంస్కృత శాసనము పొగడ్తతో ఆగక పని లెక్కయు చెప్పుచున్నది: ప్రతిదినము వేయిమంది కూలీలు, గోడలకు రాయి తోలుటకు నూరు బండ్లు, రెండు సంవత్సరములు.

మట్టికట్టకు రాయి యేల? నీటి బరువును ఆపునది కట్ట. అలల కోతనుండి దాని ముఖమును కాచునది రాయి. నేడు నగరములలో నేలమాళిగలు కట్టునప్పుడును పని ఇట్లే పంచుకొందురు. గుంట త్రవ్వుటకు ముందే భూమిలో దింపిన కాంక్రీటు స్తంభముల వరుస మన్నును ఆపును. దానికి లోపలివైపున ఇనుపకమ్ముల కాంక్రీటు గోడ పోసి, సందులలో ఊరు నీటి ఒత్తిడిని దానికి అప్పగింతురు. కాలక్రమమున మన్ను బరువులో ఎంత పాలు ఆ గోడపై పడునో తేల్చుటయే ఇంజనీరుకు చిక్కు.

ఊట భయము పాతదే. శాసనము చెప్పిన ఆరు చెరువు దోషములలో మొదటిది కట్టనుండి నీరు ఊరుట. వానలు కరవైన సీమలో ఊట ముదిరి కట్ట తెగినచో దిగువ పొలములు మునుగును, ఆ యేటి పంటయు పోవును. రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుటయు ఒక దోషమేనట, వ్రాసినవాడు లోకమెరిగినవాడు!

ఈ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగుపారుదల సంఘము ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తించినది.